కుల్ఫీ బిందెలో ఉప్పు, చికాగో రోడ్డు మీద ఉప్పు

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున పాల్వంచలో మా చిన్నమ్మ ఇంట్లో ఉన్నాను. చికాగో దగ్గర ఉద్యోగం చేస్తున్న ఆమె కొడుకు ఫోన్ చేశాడు.

"ఇక్కడ మంచు పడుతోందమ్మా. కారు బయటికి తీయలేకపోతున్నా."

"ఇక్కడా పడుతోంది నాయనా. ఎనిమిదైనా కిన్నెరసాని పోయే రోడ్డు కనపడట్లేదు."

ఇద్దరూ నిజమే చెప్పారు. తెలుగులో 'మంచు' అనే మాటకు చాకిరీ ఎక్కువ. గడ్డి కొసన మెరిసే బొట్టూ మంచే, చింతూరు ఘాట్‌లో లారీల లైట్లను మింగేసే పొగా మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. మనకు మొదటి రెండూ ఉన్నాయి, మూడోది లేదు. దాంతో ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం.

వాడు ఫోన్ తిప్పి వీధి చూపించాడు. అంతా తెల్లగా ఉంది. ముందు పెద్ద రేకు కట్టిన లారీ ఒకటి మంచును పక్కకు నెట్టుకుంటూ పోతోంది. దాని వెనక నుంచి ఏదో గింజల్లా చిమ్ముతోంది.

"ఏంట్రా అది చల్లుతున్నారు?"

"ఉప్పమ్మా."

చిన్నమ్మ నవ్వింది. "ఉప్పేస్తే ఇంకా గడ్డకడుతుంది కదరా! కుల్ఫీ అమ్మేటాయన బిందెలో ఐసు మీద ఉప్పు కొట్టేది అందుకే కదా."

అవతల కాసేపు మాట లేదు. ఇంజనీరింగ్ చదివినవాడు చిక్కుకున్నాడు. "అన్నయ్యనడుగు" అని బంతి నా మీదకు నెట్టాడు. ఒకచోట పాలను గడ్డకట్టించే ఉప్పు, ఇంకోచోట గడ్డకట్టిన నీటిని ఎలా కరిగిస్తుంది? చిన్నమ్మ ప్రశ్నలో తప్పేమీ లేదు. దాని వెంట పోతే చికాగో నుంచి తిరిగి ఖమ్మం మున్నేటి ఒడ్డుకే వస్తాం.

కల్యాణ మండపం గేటు దగ్గర

శ్రీరామనవమి నాడు భద్రాచలం మిథిలా స్టేడియం గుర్తు తెచ్చుకోండి. లోపల జనం వరసలు తప్పకుండా, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు. బయట జనం ఇష్టమొచ్చినట్టు తిరుగుతున్నారు. లోపలివాళ్లు మంచుగడ్డలోని నీటి అణువులు, బయటివాళ్లు ద్రవంగా ఉన్న నీటి అణువులు అనుకుందాం. గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొందరు లేచి బయటికి వస్తుంటారు, కొందరు లోపలికి పోయి కూర్చుంటుంటారు. సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర పోయేవాళ్లు ఎందరో వచ్చేవాళ్లూ అందరే. లోపలి జనం పెరగరు, తగ్గరు.

ఇప్పుడు టికెట్ లేని గుంపు ఒకటి వచ్చి బయటి జనంలో కలిసిపోయిందనుకోండి. వాళ్లను లోపలికి రానివ్వరు, కానీ వాళ్లు గేటు దగ్గరే నిలబడ్డారు. లోపలి నుంచి బయటికి వచ్చేవాళ్లకు అడ్డేమీ లేదు. లోపలికి పోదామనుకున్న వాళ్లకే దారి ఇరుకైంది. బయటికి వచ్చేవాళ్లు మునుపటంత మందే, లోపలికి పోయేవాళ్లు తగ్గారు. కాసేపట్లో మండపం ఖాళీ అవుతుంది.

ఆ టికెట్ లేని గుంపే ఉప్పు. మంచుగడ్డలోని వరసల్లో ఉప్పుకు చోటు లేదు, అది ద్రవంలోనే ఉండాలి. ఉంటూ, నీరు తిరిగి గడ్డకట్టకుండా అడ్డుపడుతుంది. మళ్లీ గడ్డకట్టాలంటే చలి ఇంకా పెరగాలి. లోపల కూర్చున్నవాళ్లు ముడుచుకుపోయి లేవడానికే బద్ధకించేంత చలి కావాలి. అందుకే ఉప్పునీరు సున్నా కన్నా కింద గడ్డకడుతుంది. నూరు పాళ్ల ద్రావణంలో ఉప్పు 23 పాళ్లుంటే మైనస్ 21 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. అంతకుమించి ఉప్పేసినా లాభం లేదు.

ఉప్పు చేసేది ఇంతే. రోడ్డు మీదైనా, కుల్ఫీ బిందెలోనైనా అది మంచుగడ్డను కరిగిస్తుంది. కుల్ఫీ బిందెలో కూడా ఐసు కరుగుతూనే ఉంటుందని మనం గమనించం. మన చూపు పాల గొట్టం మీద ఉంటుంది కాబట్టి.

వేడి ఎవరిచ్చారు?

మంచుగడ్డ కరగాలంటే వేడి కావాలి. మామూలుగా కాదు, చాలా కావాలి. కిలో మంచుగడ్డను కరిగించి సున్నా డిగ్రీల నీరుగా మార్చడానికి పట్టే వేడితో, అదే కిలో నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. టీకి పెట్టిన నీళ్లు పొగలు కక్కేంత వేడి, ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా పెరగకుండానే, ఉత్త కరగడానికే ఖర్చైపోతుంది.

కుల్ఫీ బిందెలో ఉప్పు ఐసును కరిగి తీరమంటుంది. ఐసుకు వేడి కావాలి, పక్కనే పాల గొట్టాలున్నాయి. వాటిలోంచి లాక్కుంటుంది. పాలు చల్లబడి చల్లబడి గడ్డకడతాయి. ఉత్త ఐసు చాలదా అంటే చాలదు. పాలలో చక్కెర ఉంది, అదీ గేటు దగ్గర నిలబడే గుంపే. తీపి పాలు సున్నా దగ్గర గడ్డకట్టవు. వాటిని లొంగదీయాలంటే సున్నా కన్నా బాగా కిందికి దిగిన ఉప్పు ఐసే కావాలి.

రోడ్డు మీద పాల గొట్టం లేదు. అక్కడ వేడి ఇచ్చేది రోడ్డు అడుగున ఉన్న నేల, పైన గాలి, ఎండ ఉంటే ఎండ, తిరిగే టైర్ల రాపిడి. ఇవి ఇచ్చినంత కాలం ఉప్పు పని నడుస్తుంది. చలి మైనస్ 9, 10 డిగ్రీలు దాటితే ఇచ్చేవాళ్లు చేతులెత్తేస్తారు. అప్పుడు మామూలు ఉప్పు రోడ్డు మీద గులకరాయిలా పడి ఉంటుంది. అంతకన్నా చలి ప్రాంతాల్లో కాల్షియం క్లోరైడ్ వాడతారు. అది కరిగేటప్పుడు తనే కొంత వేడి పుట్టిస్తుంది, ఖరీదూ ఎక్కువే.

---
ఇంట్లో చేసి చూడండి

ఒక పళ్లెంలో ఫ్రిజ్ ఐసు ముక్క పెట్టండి. తడిపిన నూలుదారం దాని మీద ఆనించండి. చిటికెడు ఉప్పు చల్లి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. దారం ఎత్తితే ఐసు ముక్క దానికి అంటుకుని పైకి లేస్తుంది. ఉప్పు పడిన చోట పైపొర కరిగింది. కరగడానికి వేడి చుట్టుపక్కల నుంచి లాక్కుంది. ఉప్పు తగలని తడి ఆ చలికి మళ్లీ గడ్డకట్టి దారాన్ని పట్టేసింది. చికాగో రోడ్డూ కుల్ఫీ బిందె రెండూ ఆ ఒక్క ముక్క మీదే ఉన్నాయి.

---

అడుగంటక ముందే

రోడ్డు మీద ఉన్న మంచు మొత్తాన్నీ ఉప్పే కరిగిస్తుందని చాలామంది అనుకుంటారు. ఇందాక చెప్పిన 80 డిగ్రీల లెక్క చూస్తే అది కుదరని పని. లారీ ముందు కట్టిన రేకే అసలు పనిమంతురాలు. ఉప్పు పని ఆ రేకుకు దారి చేయడం.

అప్పుడే పడిన మంచు దూదిలా ఉంటుంది, చీపురుతో ఊడ్చినా పోతుంది. దాని మీద వాహనాలు తిరిగితే అణిగి, కొద్దిగా కరిగి, మళ్లీ గడ్డకట్టి తారును పట్టేస్తుంది. అడుగంటిన అన్నం గిన్నెను పట్టుకున్నట్టే. పైపైన గీకితే సగం వస్తుంది. మిగిలిన సగం నున్నటి పలకలా మెరుస్తూ మరింత ప్రమాదం తెస్తుంది.

అందుకే తెలివైన ఊళ్లు మంచు పడకముందే బయల్దేరతాయి. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే రోడ్డు మీద ఉప్పునీటిని సన్నటి చారలుగా పోసుకుంటూ పోతాయి. మనం పెనానికి నూనె రాసి దోసె పోసినట్టు. నూనె దోసెను కాల్చదు, పెనాన్ని పట్టుకోకుండా చూస్తుందంతే. రోడ్డుకూ మంచుకూ మధ్య గడ్డకట్టని పొర ఒకటి ఉంటే రేకు తగలగానే మంచు దోసెలా లేచి వస్తుంది. అంటుకున్నాక ఊడదీయడానికి పట్టే ఉప్పుతో పోలిస్తే ముందే పోసే ఉప్పు చాలా తక్కువ.

ఇందులో వంతెనలది ప్రత్యేక బాధ. మామూలు రోడ్డుకు కింద నేల ఉంది, అది పగలు దాచుకున్న వేడిని రాత్రంతా కొంచెం కొంచెంగా ఇస్తుంది. వంతెనకు కింద గాలే. పైనా కిందా చల్లగాలి కొట్టి అది ముందుగా గడ్డకడుతుంది. అమెరికాలో వంతెనల ముందు ఆ సంగతి చెప్పే బోర్డులుంటాయి.

జారడం గురించి కూడా ఒక మాట. మన బరువుకు మంచు కరిగి జారుతుందని పాతకాలం పాఠాల్లో ఉండేది. మనిషి బరువు కలిగించే తేడా లెక్కేస్తే ఎందుకూ చాలదు. మంచుగడ్డ పైపొరలోని అణువులకు పైన పట్టుకునే తోడు లేదు. అవి సున్నాకు దిగువన కూడా సగం ద్రవంలా కదులుతుంటాయి. 1850 ప్రాంతంలోనే మైకేల్ ఫారడే దీన్ని ఊహించాడు. నడిచేటప్పుడు, టైరు తిరిగేటప్పుడు పుట్టే రాపిడి వేడి దానికి తోడవుతుంది. గట్టి నేల మీద పల్చటి తడిపొర ఉంటే జారుడే. ఈ ముక్క గుర్తుంచుకోండి, మనూళ్లో మళ్లీ పనికొస్తుంది.

ఊరికో తంటా

రోడ్ల మీద ఉప్పు చల్లడం మనం అనుకునేంత పాత పద్ధతేమీ కాదు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం 1938లో మొదలుపెట్టింది. అంతకుముందు ఇసుక, బొగ్గు బూడిద చల్లేవారు. ఇప్పుడు ఆ దేశం ఏటా 2 కోట్ల టన్నులకు పైగా ఉప్పు రోడ్ల మీద పోస్తోంది. డెట్రాయిట్ నగరం కింద దాదాపు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది. కింద తవ్విన ఉప్పు పైన రోడ్డెక్కుతుంది. సింగరేణి మనుషులకు ఈ సంగతి వింతగా తోచకపోవచ్చు. జున్ను తయారీకి పేరుపడ్డ విస్కాన్సిన్‌లో జున్ను తేల్చిన ఉప్పునీటిని పారబోయకుండా రోడ్ల మీద వాడుతున్న ఊళ్లున్నాయి.

చికాగోలో ఇది రాజకీయం కూడా. 1979 జనవరిలో పెద్ద మంచు తుపాను వచ్చింది. వీధులు రోజుల తరబడి తెరుచుకోలేదు. ఫిబ్రవరి చివర జరిగిన పార్టీ ఎన్నికలో మేయర్ మైకేల్ బిలాండిక్ ఓడిపోయాడు, జేన్ బర్న్ గెలిచి ఆ ఊరికి తొలి మహిళా మేయర్ అయింది. అక్కడి మేయర్లు ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు. అయితే అంతా మేయరే చేయడు. అమెరికాలో చాలా ఊళ్లలో ఇంటి ముందు కాలిబాట మీద మంచు తీయాల్సింది ఇంటివాళ్లే. మా తమ్ముడు అక్కడికి పోయాక కొన్న మొదటి పనిముట్టు పార. పాల్వంచలో ఒక్కనాడు పట్టుకున్న పాపాన పోలేదు.

అట్లాంటాది ఇంకో కథ. తెలుగువాళ్లు వేలల్లో ఉన్న ఆల్ఫరెట్టా, కమింగ్ దాని శివార్లే. 2014 జనవరి 28న అక్కడ పడింది రెండు అంగుళాల పైచిలుకు మంచు. చికాగోవాళ్లు కాఫీ తాగుతూ చూసే మంచు. అది పడుతుండగానే బడులు, ఆఫీసులు, దుకాణాలు అన్నీ ఒకేసారి వదిలేశారు. రోడ్లు కిక్కిరిశాయి, టైర్ల కింద మంచు అణిగి పలకైంది. ఉప్పు లారీలు కూడా ఆ ట్రాఫిక్‌లోనే ఇరుక్కున్నాయి. పిల్లలు బడుల్లో పడుకున్నారు, పెద్దలు కార్లలో తెల్లవార్లూ కూర్చున్నారు. అక్కడ ఉప్పు కొరత కన్నా వరుస తప్పడం ఎక్కువ దెబ్బ తీసింది. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే లారీ పోవాలి. ఆ గంట దాటితే ఎన్ని లారీలున్నా ఒకటే.

నార్వేలో ఉప్పు పనిచేయనంత చలి ఉన్నచోట ఇసుక చల్లుతారు. పొడి ఇసుకను నాలుగు లారీలు తిరిగేసరికి గాలి పక్కకు ఊదేస్తుంది. అందుకని ఇసుకలో దాదాపు మరిగే నీళ్లు కలిపి చల్లుతారు. వేడి ఇసుక రేణువు మంచును కొంచెం కరిగించి అందులో కూరుకుంటుంది, మరుక్షణం నీరు గడ్డకట్టి దాన్ని బిగించేస్తుంది. రోడ్డు గరుకు కాగితంలా తయారవుతుంది. చలిని చలితోనే కట్టేసిన ఈ ఉపాయం నాకు భలే నచ్చింది.

నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించింది జపాన్‌లోని నాగావోకా. అక్కడి మంచు తడిగా, బరువుగా, మనిషెత్తున పడుతుంది. 1961లో ఆ ఊళ్లో రోడ్డు మధ్యన గొట్టం పాతి, చిన్న చిన్న రంధ్రాల్లోంచి బోరు నీళ్లు చిమ్మించారు. భూగర్భజలం ఊరే చోట మంచు నిలవకపోవడం చూసి యోసబురో ఇమాయి అనే చిరుతిళ్ల వ్యాపారికి ఈ ఆలోచన తట్టిందని చెబుతారు. బోరు నీటికి ఆ వేడి ఎక్కడిది? చలికాలం పొద్దున మన బోరు నీళ్లు వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉంటాయి కదా. నిజానికి ఆ నీళ్లు ఏడాది పొడుగునా దాదాపు ఒకేలా ఉంటాయి, మారేది మన ఒళ్లు. లోతున నేలకు ఆ ఊరి ఏడాది సగటు వేడే నిలిచి ఉంటుంది. నాగావోకాలో అది 13, 14 డిగ్రీలు. మంచుకు ఆ మాత్రం చాలు.

తర్వాత జరిగింది మనం సులభంగా ఊహించగలం. ఊరూరా గొట్టాలు వేశారు, మంచు పడిన రాత్రి అందరూ ఒకేసారి మోటార్లు వేశారు. భూగర్భజలం పడిపోయింది, కొన్నిచోట్ల నేలే కుంగింది. ఇప్పుడు మంచు పడుతున్నప్పుడే నీళ్లు వదిలే పరికరాలు పెట్టి పొదుపు చేస్తున్నారు. నీళ్లలో ఇనుము ఉండటంతో ఆ రోడ్లన్నీ తుప్పు రంగుకు తిరిగాయి.

ఐస్‌ల్యాండ్ రాజధాని రేక్యవిక్‌లో భూమిలోంచి వచ్చే వేడినీళ్లతో ఇళ్లు వెచ్చబెట్టుకుని, మిగిలిన గోరువెచ్చటి నీళ్లను రోడ్ల కింద గొట్టాల్లో పారిస్తారు. అలాంటి వేడినీళ్లు మనకూ ఉన్నాయి, మణుగూరు దగ్గర పగిడేరులో. సింగరేణి సంస్థ అక్కడ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం పెట్టింది. కింద వేడినీళ్లు, పైన మండే ఎండ. మంచు కరిగించే భాగ్యం మాత్రం పగిడేరుకు లేదు.

మన దేశంలో మంచుతో పోరాడేది ముఖ్యంగా సరిహద్దు రహదారుల సంస్థ. కశ్మీర్ నుంచి లద్దాఖ్ పోయే దారిలో 11,500 అడుగులు దాటిన ఎత్తున ఉన్న జోజిలా కనుమ ఒకప్పుడు చలికాలమంతా, నెలల తరబడి మూతపడేది. 2025లో 32 రోజులకే తెరిచారు. అక్కడ మంచు గోడలు లారీ కన్నా ఎత్తుంటాయి, కోసి పక్కకు ఎగజిమ్మే యంత్రాలు కావాలి.

మన మంచు నల్లగా ఉంటుంది

'మాకెందుకీ గొడవ, మాకు మంచే లేదు' అనుకుంటే పొరపాటు. ఆకాశం నుంచి వచ్చి రోడ్డును కప్పేసి, సమయానికి తీయకపోతే గట్టిగా పట్టేసేది మనకూ ఉంది. దాని పేరు ఒండ్రు.

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు 36 అడుగుల దాకా లేచింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి తీసుకొచ్చిన సంగతి అందరూ టీవీల్లో చూశారు. ఆ తర్వాతి వారం అంతగా ఎవరూ చూడలేదు. నీరు తీశాక బొక్కలగడ్డ, మోతీనగర్, వెంకటేశ్వరనగర్ వీధుల్లో, ఇళ్లలో మిగిలింది బురద. వేరే మున్సిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికులొచ్చారు, ట్యాంకర్లు, ఫైరింజన్లు తిరిగాయి. ఎత్తే కొద్దీ ఉంది.

భద్రాచలానికి ఇది పాత చుట్టం. అయితే ఏజెన్సీ రోడ్లను ముంచేది చాలాచోట్ల గోదావరి స్వయంగా కాదు. వరద గోదావరి నిండుగా ఉన్నప్పుడు తాలిపేరు, కిన్నెరసాని, శబరి వచ్చి అందులో కలవలేవు. గేటు పడిన చోట లారీలు ఆగినట్టు వెనక్కి పేరుకుంటాయి. చర్ల, బూర్గంపాడు, కూనవరం, చింతూరు దారుల్లో నీరు అలా ఎక్కుతుంది. ఈ నీటికి పరుగు లేదు. పరుగెత్తే నీరు ఇసుకను కూడా మోసుకుపోతుంది, నిలిచిన నీరు చేతిలో ఉన్నదంతా వదిలేస్తుంది. రోజుల తరబడి నిలిచి, అతి మెత్తటి బంకమట్టిని పొరలు పొరలుగా తారు మీద పరుస్తుంది.

---
భద్రాచలం కొలబద్ద

గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, అదే ఇప్పటికీ రికార్డు. 2022 జులై 16న 71.3 అడుగులు. ఆ రోజుల్లో గోదావరి వంతెన మీద రాకపోకలు ఆపేశారు.

---

బంకమట్టి రేణువు రెండు మైక్రాన్ల లోపే ఉంటుంది, తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. పైగా గుండ్రంగా ఉండదు, అప్పడంలా బల్లపరుపుగా ఉంటుంది. రెండు గాజు పలకల మధ్య కొన్ని నీటి చుక్కలు వేసి కలపండి. పక్కకు నెడితే సర్రున జారతాయి, విడదీయబోతే రావు. మధ్యలో నీరు ఎక్కువుంటే జారుడు, ఆరుతున్న కొద్దీ బిగుతు. కోట్ల కోట్ల అప్పడాలు ఇలా ఒకదాని మీద ఒకటి పేరి ఉంటే అది ఒండ్రు. తడిగా ఉన్నంతసేపు పల్చటి నీటిపొర మీద జారుతుంది. నల్లరేగడి మీద బైకు పోనిచ్చినవాళ్లకు మంచు మీద నడక గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆరేటప్పుడు మిగిలిన నీరు ఆ పలకల్ని దగ్గరకు లాగి, తారు సందుల్లోకి దించి, గట్టి పెచ్చు చేస్తుంది.

మధ్యలో ఇంకో దశ ఉంది, అన్నిటికన్నా పాడుది. ముద్దగా ఉంటుంది. పారకు అంటుకుంటుంది, చెప్పుకు అంటుకుంటుంది, చీపురును చీపురుగా ఉండనివ్వదు. నీళ్లు కొడితే జారదు, గీకితే రాదు. కార్మికుల నడుములు విరిగేది ఈ దశలోనే.

గోదావరి ఒడ్డున పుట్టిన ఆడవాళ్లకు ఇదంతా పుస్తకం లేకుండానే తెలుసు. నీరు గడప దిగుతుండగానే చీపురు, బకెట్ పట్టుకుంటారు. పోయే నీటితోనే బురదను బయటికి తోసేస్తారు. ఒక పూట ఆలస్యమైతే అదే పనికి పది బిందెలు ఎక్కువ మోయాలని వాళ్లకు తెలుసు. వరద రోజుల్లో నీళ్ల కరువు ఎలా ఉంటుందో కూడా తెలుసు. చికాగో లారీ మంచు కన్నా ముందే ఉప్పునీళ్లు పోయడం, వీళ్లు నీటితోపాటే చీపురు కదపడం, రెండింటి వెనకా ఉన్నది ఒకటే ఎరుక. అంటుకోకముందే తీయాలి.

ఇంట్లో ఉన్న ఈ ఎరుక రోడ్డు దగ్గరికి వచ్చేసరికి మాయమవుతుంది. వరద రాకడకు మనకు గొప్ప ఏర్పాటు ఉంది. ఎగువ నుంచి కబురొస్తుంది, మూడు హెచ్చరికలున్నాయి, పునరావాస కేంద్రాలున్నాయి. వరద పోకడకు అలాంటి పట్టిక లేదు. ఏ వీధి ముందు, ఏ జేసీబీ ఎక్కడికి, తీసిన బురద ఎక్కడ పోయాలి, ఇవన్నీ బురద పడ్డాక మాట్లాడుకుంటాం. కెనడాలోని మాంట్రియల్ తీసిన మంచును ఊరి పాత క్వారీలో పోస్తుంది, ఆ చోటు ఏడాదికోసారి వెతుక్కోదు. మనం చాలాసార్లు వీధి బురదను పక్క డ్రైనేజీలోకి నెడతాం. తర్వాతి వానకు అది మళ్లీ వీధిలోకే వస్తుంది. లంక పొలాల్లో పడిన ఒండ్రు ఎరువే, చెరువు పూడిక పొలాలకు తోలడం మనకు అలవాటే. ఊరి బురద సంగతి వేరు. మురుగు, ప్లాస్టిక్, పగిలిన సీసాలు కలిసిన దాన్ని పొలానికి తోలడం తప్పు. దానికి వేరే గుంత కావాలి.

యంత్రాలకు డబ్బు లేదనే మాట వింటాం. మంచుదేశాల్లో చిన్న ఊళ్లకూ ఉండదు. వాళ్లు రైతుల ట్రాక్టర్లకు, కట్టడపు పనుల కాంట్రాక్టర్ల యంత్రాలకు చలికాలం రేకులు కట్టించి గంటకింతని ముందే ఒప్పందం రాసుకుంటారు. పొలం పని లేని రోజుల్లో వాళ్లకూ ఆదాయం. మన జిల్లాల్లో జేసీబీలకు, బ్లేడు ట్రాక్టర్లకు కొదవ లేదు. వానలప్పుడు మట్టి పనులు ఆగిపోయి చాలా యంత్రాలు ఊరికే నిలబడి ఉంటాయి. మే నెలలో ఒక కాగితం రాసుకుంటే చాలు.

ఒక్క విషయంలో మనం అదృష్టవంతులం. మన మంచుకు ఉప్పు అక్కర్లేదు. ఉప్పు తను కరిగించిన మంచు నీళ్లతో కలిసి చెరువుల్లోకి, బావుల్లోకి పోతుంది, మళ్లీ బయటికి రాదు. టీస్పూన్ ఉప్పు 19 లీటర్ల మంచినీటిని చేపలకు పనికిరాకుండా చేస్తుందని మిన్నెసోటా కాలుష్య నియంత్రణ శాఖ చెబుతోంది. కార్ల అడుగులు, వంతెనల ఇనుము తుప్పు పట్టడం సరేసరి.

దమ్ము ట్రాక్టరు రోడ్డెక్కితే

వరద ఏటా రాదు. కానీ జులై, ఆగస్టుల్లో నాట్ల కాలం ఏటా వస్తుంది. మడిలో దమ్ము చేసి బయటికొచ్చిన ట్రాక్టరు చక్రాలకు క్వింటాళ్ల కొద్దీ బురద ఉంటుంది. అది తారు మీద గడ్డలు గడ్డలుగా రాలుతుంది, తర్వాతి వాహనాలు దాన్ని నలిపి పరుస్తాయి. ఎండలో పెచ్చు కడుతుంది. సాయంత్రం నాలుగు చినుకులు పడగానే పైపొర మాత్రం తడుస్తుంది, అడుగు గట్టిగా ఉంటుంది. గట్టి నేల మీద పల్చటి తడిపొర. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇదే. పెద్ద వానకన్నా ఆ మొదటి చినుకులే బైకుల్ని పడేస్తాయి. పెద్ద వాన కొంతైనా కడిగేస్తుంది. ఇక దమ్ముకు కట్టే ఇనుప చక్రాలతో, అంటే కేజ్ వీల్స్‌తో తారు రోడ్డెక్కడం నిషేధం, తారును పెచ్చులుగా లేపుతాయి కాబట్టి. నిషేధం ఎంత అమలవుతోందో ఏ ఊరి రోడ్డు చూసినా తెలుస్తుంది.

ఈ వ్యాసం రాయబోతున్నానని చెబితే చిన్నమ్మ ఒకటే అడిగింది. "అక్కడ ఇంటి ముందు మంచు ఇంటివాళ్లే తీస్తారన్నాడు కదా, మరి ఇక్కడ ట్రాక్టరు బురద ట్రాక్టరాయన తీయొద్దా?" దానికి నా దగ్గర బదులు లేదు. కాబట్టి ఈ నాట్ల కాలంలో ట్రాక్టరు తోలే అన్నలకు ఆమె తరఫున నా మనవి. గట్టు దిగి తారు ఎక్కేముందు ఇంజను ఆపి, పారతో చక్రాలు గీకండి. బురద తడిగా ఉన్నప్పుడైతే అయిదు నిమిషాల పని.